ఆపుకోగలవారి రాజ్యం

గుంటూరు, బెజవాడల్లో శుభలేఖలు అచ్చువేసేవారు వచ్చే ముహూర్తాల నుంచైనా ఒక చిన్న సవరణ చేసుకోవాలని సవినయంగా కోరుతున్నాను. సుముహూర్తం వేస్తున్నారు. విందు ఎన్నింటికో వేస్తున్నారు. దారి తెలియనివాళ్ళు సెల్లుతో చూసుకోమని గళ్ళగళ్ళ బొమ్మ వేస్తున్నారు. "కానుకలు స్వీకరించబడవు" అని కూడా కొందరు వేస్తున్నారు (నమ్మకండి). అసలు సంగతి ఒక్కటే వెయ్యడం లేదు. బాత్రూము ఎటువైపు? మండపం ఉన్న అంతస్తులోనేనా, మెట్లు దిగాలా? మామూలుదా, కమోడా? లోపల గడియ పడుతుందా? ఈ నాలుగు ముక్కలు విందు సమయం కింద చిన్న అక్షరాల్లో వేస్తే, అరవై దాటిన చుట్టాలు ఇంకాస్త ధైర్యంగా పెళ్ళికి బయల్దేరతారు. ఇప్పుడు రానివాళ్ళంతా "మోకాళ్ళ నొప్పులమ్మా, మెట్లెక్కలేను" అంటున్నారు గదా, అందులో చాలాసార్లు మోకాలు పాపం నిర్దోషి.

ఫంక్షన్ హాలులో మంచి బాత్రూము ఒక్కటే ఉంటుంది. అది పెళ్ళికూతురి గదిలో ఉంటుంది. ఆ గది తాళం మేనమామ జేబులో ఉంటుంది. మేనమామ ఐసు తేవడానికి వెళ్ళి ఉంటాడు.

మనకు జబ్బుల్లోనూ హోదాలున్నాయి. షుగరుందని నలుగురిలో చెప్పుకోవచ్చు, ఎంతుందో పోటీ కూడా పెట్టుకోవచ్చు. గుండెకు స్టెంటు వేశారంటే "ఎన్ని?" అని అడిగి మరీ కుర్చీ జరుపుతారు. ఒంటికి ఆగడం లేదన్న మాట మాత్రం కట్టుకున్నవాళ్ళకు కూడా చెప్పరు. డాక్టరుకు చెప్పే పద్ధతి చూడండి. గుంటూరు కొత్తపేటలోనో, బెజవాడ సూర్యారావుపేటలోనో గంటన్నర బెంచీ మీద కూచుంటారు. లోపలికి వెళ్ళి గ్యాసు, నిద్ర, కుడి భుజం, అన్నీ ఏకరువు పెడతారు. చీటీ రాయించుకుని లేచి, తలుపు పిడి మీద చెయ్యి వేశాక "ఇంకోటి డాక్టరుగారూ..." అంటారు. అప్పటికే తర్వాతి టోకెను మనిషి తల లోపలికి వచ్చేసి ఉంటుంది. "ఏం లేదులెండి" అని బయటికి వచ్చేస్తారు.

ఆ "ఏం లేదులెండి" వెనక ఉన్న శాస్త్రం క్లుప్తంగా మనవి చేస్తాను. పెద్దవాళ్ళ మూత్రాశయం పట్టేది సుమారు 400 నుంచి 500 మిల్లీలీటర్లు. మన జిల్లాల పాఠకులకు సులువుగా అర్థం కావాలంటే రెండు క్వార్టర్లు, పైన కాస్త. మొదటి క్వార్టరు దగ్గరే "వీలు చూసుకో" అని కబురొస్తుంది. ఆరోగ్యవంతుడు ఆ కబురు విని పక్కన పడేసి ఇంకో రెండు గంటలు రాజకీయాలు మాట్లాడగలడు. పడెయ్యలేనివాళ్ళు చాలామంది ఉన్నారు. కాన్పులతో కింది కండరాలు వదులై, తుమ్మితే భయం, దగ్గితే భయం, చివరికి నవ్వాలన్నా ముందు కాళ్ళు దగ్గరికి చేర్చుకునే ఆడవాళ్ళు. ప్రోస్టేటు పెరిగి, వెళ్తే పూర్తిగా రాక, వచ్చేస్తే మళ్ళీ వెళ్ళాలనిపించే పెద్దమనుషులు. బీపీకి పొద్దున్నే నీటి బిళ్ళ వేసుకుని ఊరి ప్రయాణం పెట్టుకున్నవాళ్ళు. షుగరు అదుపు తప్పినవాళ్ళు. ఏ కారణమూ కనపడకుండానే మూత్రాశయం తొందరపెట్టేవాళ్ళు. ఇంటికొకరు తేలినా నేను ఆశ్చర్యపోను. కానీ ఏ ఇంట్లోనూ ఎవరూ లేరు, అడిగి చూడండి.

వీళ్ళు ప్రజలు. పాలకులు వేరు. ఊరికి నక్షా గీసే ఇంజనీరుకు, దాని మీద సంతకం పెట్టే ఆఫీసరుకు, రిబ్బను కత్తిరించే నాయకుడికి తలా ఒక ఛాంబరు ఉంటుంది. ఛాంబరుకు అటాచ్డ్ బాత్రూము ఉంటుంది. లేస్తే నాలుగడుగులు. అంత సుఖంలో ఉన్నవారికి, బెసెంట్ రోడ్డులో మధ్యాహ్నం మూడింటికి చీర బేరమాడుతున్న ఆవిడ ఉన్నట్టుండి చీర వదిలేసి ఆటో ఎక్కి ఎందుకు వెళ్ళిపోయిందో తెలిసే మార్గం లేదు. ధర కుదరలేదనుకుంటారు. కొట్టువాడూ అదే అనుకుని, వెనకనుంచి "రండమ్మా, ఇంకో యాభై తగ్గిస్తా" అని కేకేస్తాడు.

ఆ కొట్లో కౌంటరు వెనక పొద్దుటినుంచి నిలబడ్డ అమ్మాయి సంగతి సరేసరి. బేరం వదిలేసి పోవడానికి ఆమె కొనేమనిషి కాదు. కోళికోడ్‌లో బట్టలకొట్ల ఆడవాళ్ళు మూత్రశాల కావాలని మొదలుపెట్టిన గొడవ, కూర్చునే హక్కు దాకా సాగి, 2018లో కేరళ ప్రభుత్వం చేత చట్టమే మార్పించింది. మలయాళీలకు కొబ్బరినీళ్ళు ఎక్కువ, అందుకే పట్టుదల ఎక్కువ అని ఒక మిత్రుడి సిద్ధాంతం.

రైల్వేవారి చరిత్ర ఇంకా ఘనం. బెజవాడ జంక్షనులో ఆగే ఏ ఎక్స్‌ప్రెస్‌లోనైనా ప్రయాణికులకు పెట్టె పెట్టెకూ దొడ్లున్నాయి. ఆ పెట్టెలన్నిటినీ లాక్కొచ్చే డ్రైవరుకు కూడా మూత్రం వస్తుందన్న విషయం మాత్రం చాలాకాలం దృష్టికి రాలేదు. ఇంజనులో మొదటి టాయిలెట్ పెట్టింది 2016లో. 1853 నుంచి రైళ్ళు నడుస్తున్నాయి. తొందరపడకుండా, అన్ని కోణాల్లోంచీ ఆలోచించినట్టున్నారు.

మన ఊరిని నేను తక్కువ చెయ్యడం లేదు. ఊళ్ళ శుభ్రతకు కేంద్రం మార్కులు వేసే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో, 2021లో, ఇందోర్, సూరత్‌ల తర్వాత దేశంలో మూడో స్థానం విజయవాడదే. గర్వపడ్డాను, ఇప్పటికీ పడుతున్నాను. అయితే దేన్నైనా శుభ్రంగా ఉంచడానికి మన దేశంలో తిరుగులేని పద్ధతి ఒకటుంది, తాళం వెయ్యడం. ఏ ఊళ్ళో అయినా రోడ్డు పక్కన ముచ్చటగా రంగులేసిన చిన్న గది కనిపిస్తే, మీద గాంధీగారి కళ్ళజోడు ఉంటే, తలుపుకు కప్ప ఉంటుంది. తలుపు మీద ఫోను నంబరు ఉంటుంది. పది అంకెల్లో తొమ్మిది స్పష్టంగా కనిపిస్తాయి.

తెరిచి ఉన్నవాటికి డబ్బులు కట్టాలి. ఇది తప్పని నేననను. బిందేశ్వర్ పాఠక్ 1970లో సులభ్ అనే మరుగుదొడ్ల సంస్థ పెట్టిన పుణ్యాన ఆ మాత్రం ఏర్పాటైనా వచ్చింది. నా అభ్యంతరం ఆ బల్ల దగ్గర జరిగే విచారణ మీద. వెనక పదిమంది లైనులో ఉండగా, బల్ల వెనక కూర్చున్నాయన తల ఎత్తకుండా "ఒకటికా, రెండుకా?" అని అడుగుతాడు. రిటైర్డు హెడ్మాస్టరు గొంతు తగ్గించి "ఒకటికేనండీ" అంటాడు. "ఆఁ?" అంటాడాయన. హెడ్మాస్టరు ఈసారి అసెంబ్లీలో ప్రతిజ్ఞ చదివించిన గొంతుతో చెప్పాల్సి వస్తుంది. చిల్లర లేదు, సెల్లుతో కొడతాడు. అప్పుడు బల్ల మీది డబ్బా, ఆ నిశ్శబ్దంలో, స్పష్టమైన ఆడగొంతుతో, "అయిదు రూపాయలు అందాయి" అని బస్టాండంతటికీ ప్రకటిస్తుంది. లైనులో ఉన్న పాత శిష్యుడు వంగి కాళ్ళకు దణ్ణం పెడతాడు. అక్కడ నిలబడి ఆశీర్వదించే తీరిక ఎవరికుంటుంది చెప్పండి.

మగవాడికి ఇంకేమీ దొరక్కపోతే గోడ ఉంది. "ఇచ్చట మూత్రము పోయువాడు గాడిద" అని రాసిన రోజులు పోయి, ఇప్పుడు అన్ని మతాల దేవుళ్ళ పలకలూ వరసగా అతికిస్తున్నారు. గోడ కింద తడి నాలుగడుగులు పక్కకు జరిగింది, అంతే. ఆడవాళ్ళకు కనీసం పొయ్యవద్దని చెప్పే గోడ కూడా లేదు.

వాళ్ళు చేసే పని వేరు, నీళ్ళు మానేస్తారు. గుంటూరులో మా పిన్నిగారు దసరాలకు కనకదుర్గమ్మ దర్శనానికి బయల్దేరితే ముందురోజు సాయంత్రం కాఫీతో ద్రవపదార్థాలన్నీ బందు. రాత్రి మజ్జిగన్నం బదులు రెండు ఇడ్లీలు, అవీ పొడితో. కొండ కింద క్యూలో ఎవరో పుణ్యాత్ములు మంచినీళ్ళ పాకెట్టు చేతిలో పెడితే, దాన్ని అమ్మవారి తరఫు పరీక్ష అనుకుని పక్కావిడకు ఇచ్చేస్తుంది. "నీళ్ళు మానేస్తే మూత్రం చిక్కబడి, ఆ ఘాటుకు మూత్రాశయం ఇంకా రెచ్చిపోతుంది పిన్నీ. ఇన్ఫెక్షన్లూ, రాళ్ళూ, మలబద్ధకమూ అదనం" అని చెప్పాను. "క్యూలో నువ్వు నుంచుంటావా నాయనా నా బదులు?" అంది. శాస్త్రం దగ్గర దీనికి జవాబు లేదు.

బస్సు ప్రయాణాల్లో పిన్నిగారి అనుభవం ఏ గైడుబుక్కులోనూ దొరకదు. బస్సెక్కేముందు ఆవిడ టైర్లు చూడదు, ఏసీ చూడదు, డ్రైవరు జుట్టు చూస్తుంది. నెరిసి ఉంటే ఎక్కుతుంది. యాభై అయిదు దాటినాయన సూర్యాపేట దాకా ఆగకుండా పోలేడు, ఆయన దిగినప్పుడు మనమూ దిగవచ్చు. పాతికేళ్ళ కుర్రాడు సీట్లో కనపడితే మాత్రం తర్వాతి బస్సే.

ఇక స్కానింగు. పగవాడికి కూడా కోరుకోనిది. జీవితమంతా ఆపుకోలేక వచ్చిన మనిషితో "లీటరు నీళ్ళు తాగి, వెళ్ళకుండా కూర్చోండి" అంటారు. గుంటూరులో ఒక సెంటరు, పేరెందుకు, హాలునిండా ఇలా నిండినవాళ్ళే. ఎవరూ మాట్లాడరు. ఎవరూ ఎవరివైపూ చూడరు. ఒకాయన పేపరు తిరగేసి పట్టుకున్నాడని పక్కాయనకు తెలుసు, చెప్పే ఓపిక లేదు. గోడమీద టీవీలో ఏ కారణం చేతనో జలపాతాలు చూపిస్తున్నారు. ఇంతలో ఎవరి తాలూకో ఒకాయన సెల్లు చెవికి పెట్టుకుని సరాసరి లోపలికి వెళ్ళిపోతాడు. మన వంతు వచ్చి బల్లమీద పడుకుంటే, చల్లటి జెల్లు పూసి, పొట్ట మీద మెత్తగా నొక్కి, ఆ అమ్మాయి తెరవైపు చూస్తూ చల్లగా అంటుంది: "ఇంకా నిండలేదు సార్. ఇంకో సీసా తాగి రండి."

నిండిందని సర్టిఫికెట్టు వచ్చాక రెండో అంకం. "ఇప్పుడు వెళ్ళి పోసుకుని రండి, ఎంత మిగిలిందో చూడాలి." హాల్లో ఉన్నవాళ్ళందరికీ ఇదే మాట చెప్పారు. బాత్రూము ఒక్కటి.

చికిత్స లేదా అంటే, నిక్షేపంగా ఉంది, అదే విడ్డూరం. బిళ్ళలున్నాయి, కొన్నిటికి ఆపరేషన్లున్నాయి, ఏ పైసా ఖర్చులేని కసరత్తు ఒకటుంది. అమెరికాలో ఆర్నాల్డ్ కెగెల్ అనే స్త్రీవైద్యుడు 1948లో చెప్పింది. ధార ఆపేటప్పుడు బిగించే కండరాలున్నాయే, వాటిని మామూలు సమయంలో అయిదు సెకన్లు బిగించడం, వదలడం, పదిసార్లు, రోజుకు మూడు విడతలు. ఫలితానికి వారాలు, నెలలు పడుతుంది. మగవాళ్ళకూ పనికొస్తుంది. ఎక్కడ కూర్చునైనా చెయ్యొచ్చు, పక్కవాడికి తెలియదు. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో సభలకు వెళ్ళినప్పుడు, మూడో వక్త లేచే సమయానికి ముందు వరస పెద్దల ముఖాల్లో కనిపించే ఆ లోతైన గాంభీర్యం సాహిత్యం వల్ల వచ్చిందేనని నేను ఇన్నాళ్ళూ నమ్మాను. దాంతోపాటు, గంటకోసారి వెళ్ళేవాళ్ళు వ్యవధిని పావుగంట చొప్పున పెంచుకుంటూ పోవాలంటారు. కాఫీలు తగ్గించమంటారు. ఈ చివరిది ఆంధ్రదేశంలో అమలయ్యేది కాదు గనక వదిలేద్దాం.

అవసరానికి డైపర్లున్నాయి. బ్రాడీపేటలో ఒక మందుల కొట్టాయన చెప్పాడు, పెద్దవాళ్ళ డైపరు ఎవరూ తమకోసం కొనరట. డెబ్బై ఏళ్ళాయన వచ్చి, కొట్టు ఖాళీ అయ్యేదాకా దగ్గుమందు సీసాలు చదివి, "మా నాన్నగారికండీ" అంటాడట. కొట్టాయన మర్యాదస్థుడు. "నాన్నగారి నడుం కొలతెంతండీ?" అని అడుగుతాడు. ఈయన తన నడుం తడుముకుని చెబుతాడు. నల్ల కవర్లో వేసి, దానిమీద ఇంకో నల్ల కవరు వేసి ఇస్తాడు. "నాన్నగారిని అడిగానని చెప్పండి" అంటాడు కూడా.

న్యాయస్థానాలు మనవైపే ఉన్నాయి. 2025 జనవరి 15న సుప్రీంకోర్టు, దేశంలోని అన్ని కోర్టుల ఆవరణల్లోనూ మగవాళ్ళకు, ఆడవాళ్ళకు, దివ్యాంగులకు, ట్రాన్స్‌జెండర్లకు విడివిడిగా మరుగుదొడ్లు ఉండాలనీ, ఇది 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేననీ తీర్పు చెప్పింది. చప్పట్లు కొట్టాను. తర్వాత మళ్ళీ చదివితే అర్థమైంది, ఆదేశం కోర్టులకు, ట్రిబ్యునళ్ళకు. అంటే మర్యాదగా ఒంటికి వెళ్ళాలంటే ముందు ఎవరి మీదో ఒకరి మీద దావా వేసి ఉండాలి. మన జిల్లాల్లో గట్టు తగాదాలకు కొరత లేదు గనక ఇది పెద్ద ఇబ్బంది కాదు. వాయిదాలు ఎంత ఎక్కువ పడితే అంత మంచిది.

నా ప్రతిపాదన ఇంతకంటే చవక. నగరాల్లో మూత్రశాలల మీద చర్చకు ఏటా ఒక్క ప్రత్యేక సమావేశం జరపాలి. నడివేసవిలో, రోహిణీ కార్తెలో అయితే మేలు. సభ్యులకు, అధికారులకు గుమ్మం దగ్గరే తలా ఒక లీటరు చల్లటి మజ్జిగ, అల్లం కరివేపాకు వేసి, మర్యాదపూర్వకంగా తాగించాలి. బీపీ ఉన్నవారికి నీటి బిళ్ళ కూడా మన ఖర్చే. తర్వాత తలుపులు వేసి అజెండా చదవాలి. పాలకపక్షం, ప్రతిపక్షం అని తేడా లేకుండా ఎప్పుడూ లేనంత సామరస్యంగా చర్చ సాగుతుంది. సవరణలు ఎవరూ ప్రతిపాదించరు. గత ప్రభుత్వం ప్రస్తావన రాదు. గంటన్నరలో ప్రతి వీధికీ ఒకటి, తాళం లేకుండా, ఆడవాళ్ళకు ఉచితంగా, అని తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందుతుంది. మినిట్స్ రాయడానికి మాత్రం లోపల ఎవరూ మిగలరు.