యాసంగి తైబందీ నారుమడికి ముందే జరగాలి

వానాకాలంలో నిండి అలుగు (మిగులు నీరు పొర్లిపోయే దారి) పారిన చెరువు కింద కూడా మార్చి నెలాఖరుకు పొట్ట దశలో ఉన్న యాసంగి (రబీ) వరి ఎండిపోవడం తెలంగాణ పల్లెల్లో తరచూ చూస్తున్నదే. నిండిన చెరువు కింద పంట ఎండితే ఆ నేరాన్ని వానమీద మోపలేం. చెరువులో ఎంత నీరుంది, ఎన్ని ఎకరాలకు సరిపోతుంది అని లెక్కగట్టే తైబందీ, నార్లు పోసేశాక, అదీ మొక్కుబడిగా జరగడమే అసలు కారణం.

2015 మార్చిలో అప్పటి నిజామాబాద్ జిల్లా సదాశివనగర్‌లో మొదలైన మిషన్ కాకతీయ కింద 46 వేలకు పైగా చెరువులు, కుంటలను గుర్తించి దశలవారీగా పూడిక తీయించారు, కట్టలు బలపరిచారు, చెరువు నీటిని కాలువకు వదిలే తూములు బాగుచేశారు. అది అవసరమైన పని. అయితే పెరిగిన నీటిని ఎప్పుడు వదలాలి, ఎప్పుడు ఆపాలి అన్న దానిమీద అంత శ్రద్ధ కనబడలేదు.

ముందుగా ఒక పొరపాటు అంచనాను సరిచేసుకోవాలి. కట్టమీద నిలబడి చూసి నీరు సగం ఎత్తుకు దిగింది కాబట్టి సగం మిగిలిందని అనుకుంటాం. మన చెరువులు పైకి పోయేకొద్దీ శిఖంలోకి, అంటే కట్ట లోపల నీరు నిలిచే భూమిలోకి, పరుచుకుంటాయి. లోతు తగ్గేకొద్దీ నీటి విస్తీర్ణమూ కుంచించుకుపోతుంది. అందువల్ల సగం ఎత్తుకు దిగిన చాలా చెరువుల్లో మిగిలేది పావు వంతో, అంతకన్నా తక్కువో. అందులోనూ తూము మట్టానికి దిగువనున్న నీరు కాలువకు ఎక్కదు. ఇక ఎండలు ముదిరాక రోజుకు 8 నుంచి 10 మిల్లీమీటర్ల నీరు ఆవిరైపోతుంది. ఏప్రిల్, మే రెండు నెలల్లో అది అర మీటరు దాటుతుంది.

ఇప్పుడు ఒక చిన్న చెరువును ఊహించుకుందాం. డిసెంబరులో అందులో 2 కోట్ల ఘనపుటడుగుల నీరుందనుకుంటే, అది దాదాపు 460 ఎకరాల్లో అడుగు ఎత్తున నిలిచే నీటితో సమానం. ఆవిరికి, పశువులకు, చేపలకు, తూముకు అందని అట్టడుగు నీటికి మూడో వంతు తీసేస్తే మిగిలేది 300 చిల్లర ఎకరాల్లో అడుగు ఎత్తున నిలిచే నీరు. యాసంగి వరికి కాలువ నష్టాలతో కలిపి ఎకరానికి అయిదడుగుల నీరు పడుతుంది కాబట్టి పారేది 60 ఎకరాలు. అదే నీరు వేరుశనగ, మొక్కజొన్న వంటి ఆరుతడి (నీరు నిలపకుండా అప్పుడప్పుడు తడిపితే చాలే) పంటలకైతే రెండడుగుల లెక్కన 150 ఎకరాలకు వస్తుంది. ఈ రెండు అంకెలు రైతుల ముందు పెట్టకుండా "ఆయకట్టంతా (చెరువు కింది పొలమంతా) వేసుకోండి" అనడం, చివరి భూముల రైతును తెలిసి తెలిసి ముంచడమే.

వానాకాలం నిర్వహణ ఇంతకంటే సున్నితమైనది. తెలంగాణ వర్షపాతంలో దాదాపు 80 శాతం నైరుతి రుతుపవనాలదే. అదీ విడతలు విడతలుగా వస్తుంది. వాన పడినప్పుడల్లా తూము మూసి, పొలంలో తడి ఆరాక తెరిచే చెరువు ఒకే ఏడాదిలో ఒకటికి రెండుసార్లు నిండగలదు. ఒకప్పుడు ఈ పని నీరటిది. పారతో కాలువ గట్టు తెంపి, ఏ మడికి ఎంత సేపో చూసి, మబ్బు పట్టగానే తూము మూయడానికి పరుగెత్తేవాడు. పంట చేతికొచ్చాక ఆయకట్టు రైతులు కొలిచి ఇచ్చే వడ్లే అతని జీతం. ఆ వ్యవస్థ చాలా ఊళ్లలో పోయింది. ఇప్పుడు తూము తిప్పే చక్రం ఎవరి చేతికి దొరికితే వాళ్లదే అవుతోంది.

అలుగు దగ్గరా ఇదే తగాదా. నీరు ఇంకాస్త నిలవాలని ఆయకట్టు రైతులు అలుగుమీద ఇసుక బస్తాలు పేరుస్తారు. శిఖంలో సాగుచేసేవాళ్లు మునగకుండా ఉండాలని అలుగును తవ్వి తగ్గిస్తారు. మొదటిది మరీ ప్రమాదకరం. ఒకదాని కింద ఒకటిగా ఉండే గొలుసుకట్టు చెరువుల్లో ఎగువ చెరువు తెగితే ఆ వరదంతా దిగువ చెరువుమీదే పడుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో కురిసిన కుండపోతకు మహబూబాబాద్, ఖమ్మం, సూర్యాపేట జిల్లాల్లో ఎన్నో చెరువులకు గండ్లు పడ్డాయి. అంతటి వానను ఏ నిర్వహణా ఆపలేదు. కానీ అడ్డంకుల్లేని అలుగు, బుంగలు పూడ్చిన కట్ట ఉన్నచోట నష్టం తగ్గించుకునే వీలుంటుంది.

1997లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం నీటి పంపకాన్ని రైతు సంఘాలకు అప్పగించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో ఆ సంఘాలకు మళ్లీ ఎన్నికలు జరిగాయి. తెలంగాణలోనూ అలాంటి సంఘం ప్రతి చెరువుకూ ఉండాలి, దాని చేతిలో తూము తాళంతోపాటు కొలతా ఉండాలి. తూము గోడమీద అడుగుల గుర్తులు, ప్రతి అడుగుకూ నీరెంతో చూపే పట్టిక పంచాయతీ గోడమీద రాసి ఉంటే చాలు. ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు. కార్తీకం వెళ్లేలోపు గ్రామసభ పెట్టి, ఆ పట్టిక ముందుంచుకుని, ఏ తూము కింద ఎన్ని ఎకరాల వరి, ఎన్ని ఎకరాల ఆరుతడి, ఏ తేదీన చివరి తడి అన్నది రాసుకోవాలి. ఈసారి నీరందని తూము కింది రైతులకు వచ్చే యాసంగిలో మొదటి వంతు ఇస్తామన్న మాట కూడా ఆ కాగితంలోనే ఉండాలి. అది లేకుండా ఎవరూ తమ భూమిని బీడు పెట్టడానికి ఒప్పుకోరు.