ద్రాక్షారామం కొట్టి చూడకుండా ఎడిటర్ రిలీజ్ చేయకండి బాబూ

భీమవరంలో కూర్చుని వెబ్ యాప్‌లకి రిచ్ టెక్స్ట్ ఎడిటర్ కాంపోనెంట్లు (అక్షరాల్ని బోల్డ్ గట్రా చేసుకుంటూ టైపు చేసే పెట్టెలు) రాసేవాణ్ణి. చాలా టీముల టెస్టులు చూశాను. "హలో వరల్డ్" కొడతారు, బోల్డ్ చేస్తారు, అన్‌డూ నొక్కుతారు, పచ్చ టిక్కు పడగానే రిలీజ్! నాకు ఒళ్లు మండేది అక్కడేనండీ.

ఒక్కసారి "ద్రాక్షారామం" అని కొట్టి చూడండి. మనకి నాలుగక్షరాలు. కంప్యూటర్లో ప్రతి గుర్తుకీ ఒక నంబరిచ్చే ప్రమాణం యూనికోడ్. యూనికోడ్‌లో పొల్లు, గుణింతం, సున్నా అన్నీ విడివిడిగా 12 కోడ్ పాయింట్లు, అంటే 12 నంబర్లు. జావాస్క్రిప్ట్‌లో లెంగ్త్ అడిగితే అదే 12 చెబుతుంది. పాత గ్రాఫీమ్ నియమాలతో (చదివేవాళ్లకి ఒక అక్షరం ఎక్కడ తెగుతుందో చెప్పేవి) విడగొడితే 6 ముక్కలు. ఒత్తుని కలిపి చూసే నియమం 2023లో యూనికోడ్ 15.1తో వచ్చింది, దాంతో లెక్కేస్తే 4. మరి మీ ఎడిటర్ కింద తిరిగే అక్షరాల కౌంటర్ ఇందులో ఏది చూపిస్తోంది? ఎప్పుడైనా చూశారా?

బ్యాక్‌స్పేస్ ఇంకో బాధ. "క్షా"లో దీర్ఘం ఎక్కువ పడితే ఒక్క నొక్కుకి దీర్ఘమే పోవాలి, "క్ష" ఉండాలి. ఎడిటర్ సొంత తెలివి చూపించి మొత్తం మింగేస్తే మళ్లీ "క" నుంచి కొట్టుకోవాలి. బాణం కీ మాత్రం అక్షరాన్ని ఒకే అంగలో దాటాలి, ఒత్తు దగ్గర ఇరుక్కోకూడదు. ఈ రెంటికీ ఒకే ఫంక్షన్ సరిపోతుందనుకునేవాళ్లతోనే అసలు తంటా.

ఇక ఫోన్. రొయ్యల రేట్లు పెట్టే కుర్రాడు కానివ్వండి, గుడి ఉత్సవాల కబురు రాసే పెద్దాయన కానివ్వండి, ఇక్కడ ఎక్కువమంది ఆండ్రాయిడ్‌లో ఇంగ్లీషు అక్షరాలు నొక్కి తెలుగు తెచ్చుకుంటారు, లేదా మైకులో చెబుతారు. అప్పుడు కీ నొక్కగానే బ్రౌజర్ పంపే కబురు, అదే కీడౌన్ ఈవెంట్‌లో ఏ కీ నొక్కినా తరచూ 229 అనే కోడే వస్తుంది, ఏ కీ అన్నది తెలీదు. మాట పూర్తయ్యేదాకా కీబోర్డు దాన్ని ఖాయం చేయకుండా కంపోజిషన్‌లో పట్టుకుని ఉంటుంది. ఈలోగా ఎడిటర్ ఆ చోటు మళ్లీ గీసిందా, మాట రెండుసార్లు పడుతుంది, లేదా కర్సర్ పేరా మొదటికి పారిపోతుంది. ఆటోమేటెడ్ టెస్టులో ఇది దొరకదు. తెలుగు స్ట్రింగ్‌ని నేరుగా చొప్పించేస్తారు, కంపోజిషనే జరగదు, టెస్టు హాయిగా పాసవుతుంది.

డీటీపీ సెంటర్ నుంచి అను ఫాంట్ల మేటర్ తెచ్చి పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి. అందులో ఎడిటర్ తప్పేం లేదు, అవి యూనికోడ్ ఫాంట్లు కావు. కానీ వర్డ్‌లోంచి వెంటొచ్చే స్టైళ్ల చెత్త ఊడ్చడం మాత్రం ఎడిటర్ పనే.

"తెలుగు మార్కెట్ ఎంతండీ?" అంటారు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే ఒక్క అక్షరం, మధ్యలో కంటికి కనపడని గుర్తుతో, ఐఫోన్లలో యాప్‌లని టపటపా కూల్చింది. తెలుగు రానివాళ్ల ఫోన్లు కూడా. ఆపిల్ దానికోసం ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ తేవాల్సొచ్చింది.

మా కాలవలకి వేసవిలో నీళ్లు కట్టేసి, పూడిక తీసి, గట్లూ లాకులూ చూసుకున్నాకే జూన్‌లో వదులుతారు. ఎడిటర్‌కి ఆపాటి ఓపిక ఉండదా? చిన్న బగ్ సరిచేశామని ప్యాచ్ వెర్షన్ అంటారు, అందులో టైపింగ్ తీరే మార్చేస్తారు. అది వాడే యాప్‌లవాళ్లకి కస్టమర్ తిట్టేదాకా తెలీదు.

ఖర్చు లెక్క చెప్పకండి. ఒక పాత ఆండ్రాయిడ్ ఫోను, రోజూ తెలుగులో రాసుకునే మనిషి ఒకరు, రిలీజ్‌కి ముందు ఓ పూట. ఆ మనిషి డెవలపర్ మాత్రం కాకూడదు. మనకి గోతులెక్కడున్నాయో తెలుసు, పక్కనుంచి నడిచేస్తాం.