ముక్కంటి ఫోను, రెండణాల పచ్చబొట్టు

కొత్త ఫోన్లను స్వయంగా పరీక్షించి ప్రజలకు నివేదిక సమర్పించమని నన్ను ఎవరూ అడగలేదు. అయినా సామాజిక స్పృహ ఉన్నవాణ్ణి కనుక, మొన్న ఆదివారం సాయంత్రం బెజవాడ బీసెంట్ రోడ్డులో ఒక షాపులో దూరి, మూడు ఫోన్లను నలభై నిమిషాల పాటు చేతిలో పట్టుకుని పరిశీలించాను. ఏసీ చాలా బాగుంది.

పశువుల సంతలో గిత్తను కొనేవాడు పళ్ళు చూస్తాడు. ఫోను కొనేవాడు వెనకనున్న కెమెరా కళ్ళు లెక్కపెడతాడు. ఆ మాటకొస్తే ఇక్కడా సరుకును పలుపుతాడుతో కట్టేసే ఉంచుతారు. కాస్త గట్టిగా లాగితే షాపంతా కుయ్యిమని మోగుతుందట. లాగాను. మోగింది. అక్కడి వరకు పనితనంలో వంక పెట్టడానికి లేదు.

"టూ హండ్రెడ్ మెగాపిక్సెల్ సార్" అన్నాడు కౌంటర్ కుర్రాడు, పరుగెత్తుకొచ్చి తాడు సర్దుతూ.

"అంటే ఏమిటి బాబూ?"

"అంటే... ఫుల్ క్లారిటీ సార్."

అంతకు మించిన నిర్వచనం ఏ ఇంజినీరూ ఇవ్వలేడు కనుక నేనూ రెట్టించలేదు.

ముందుగా కళ్ళ సంగతి. పరమశివుడు మూడో కన్ను తెరిస్తే మన్మథుడు బూడిదయ్యాడు. మధ్యరకం ధర ఫోన్లకూ వెనక మూడేసి కళ్ళుంటాయి. వాటిలో మూడోది చాలాసార్లు మాక్రో, అంటే చిన్న వస్తువుల్ని మరీ దగ్గర్నుంచి తీసేది. దాని బలం చాలాసార్లు రెండు మెగాపిక్సెళ్ళు. దాన్ని తెరిచి కౌంటర్ మీద వాలిన ఈగను తీశాను. ఈగకు ఏమీ కాలేదు. ఫొటోలో అది ఈగని కూడా తెలియలేదు. కన్ను ఉన్నది చూడ్డానికి కాదు, డబ్బా మీద అచ్చు వేయడానికని అప్పుడు బోధపడింది.

ఇక ఆ రెండు వందల లెక్క. 1985లో రాజీవ్ గాంధీ ఒక మాటన్నారు: ఢిల్లీ నుంచి రూపాయి పంపితే పేదవాడికి చేరేది పదిహేను పైసలేనని. మెగాపిక్సెళ్ళ పథకం అమలు తీరు చూస్తే ఆ పదిహేను పైసల మీద గౌరవం పెరుగుతుంది. పిక్సెల్ అంటే ఫొటోలో ఒక చుక్క, మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. 200 మెగాపిక్సెళ్ళ సెన్సరులో, అంటే వెలుతురు పట్టే పలకలో, ఒక్కో పిక్సెల్ వెడల్పు సుమారు 0.6 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందంలో దాదాపు నూరో వంతు. అంత చిన్న గిన్నెలో వెలుతురు ఎంతని పడుతుంది? అందుకని పదహారు గిన్నెలు కలిపి ఒక గిన్నె చేస్తారు. మామూలుగా మీట నొక్కితే వచ్చేది పన్నెండు, పన్నెండున్నర మెగాపిక్సెళ్ళ ఫొటో. మొత్తం రెండు వందలూ కావాలంటే సెట్టింగుల్లోకి వెళ్ళి అర్జీ పెట్టుకోవాలి.

ఆ పన్నెండునైనా మనం ఏం చేస్తాం? వాట్సాప్‌లో పెద్దక్కకు పంపుతాం. అక్కడ మామూలు పద్ధతిలో వెళ్ళే ఫొటోను పొడుగువైపు 1,600 పిక్సెళ్ళకు కుదించేస్తారు. అంటే రెండు మెగాపిక్సెళ్ళకు కాస్త తక్కువ. 2023లో హెచ్‌డీ అని ఒక మీట ఇచ్చారు గానీ, దాన్ని నొక్కినవాణ్ణి మా కుటుంబ గ్రూపులో ఇంతవరకు చూడలేదు. బయల్దేరింది రెండు వందలు, పెద్దక్కకు ముట్టింది రెండు. రూపాయికి ఒక్క పైసా. ఆ పైసాలో ఆవిడ చీర అంచు రంగు చూసి మ్యాచింగ్ జాకెట్టు తీసుకుంది. అది మ్యాచ్ కాలేదు. ఆ గొడవ ఈ నివేదిక పరిధిలోకి రాదు.

షాపు దీపాల కింద చేసిన పరీక్ష పరీక్ష కాదు గనుక, మా తమ్ముడి కొడుకు వాయిదాల మీద కొన్న ఫోనును ఒక రాత్రికి స్వాధీనం చేసుకున్నాను. అదే సమయానికి కరెంటు పోయింది. వీధి ఎంత చీకటిగా ఉందో చూపిద్దామని నైట్ మోడ్‌లో ఫొటో తీసి లైన్‌మ్యాన్‌కు పంపాను. "వీధంతా వెలుగే ఉంది కదండీ" అని జవాబొచ్చింది.

చీకట్లో చంద్రుడొక్కడే మిగిలాడు కాబట్టి ఆయన మీద పడ్డాను. దీని వెనక చరిత్ర ఉంది. 2023 మార్చిలో రెడిట్ అనే చర్చల వెబ్‌సైటులో ఒకరు చంద్రుడి ఫొటోను 170 బై 170 పిక్సెళ్ళకు కుదించి, ఇంకా మసకబార్చి, కంప్యూటర్ తెర మీద పెట్టారు. గదిలో దీపాలార్పి, దూరంగా నిలబడి శాంసంగ్ ఫోనుతో దాన్ని తీశారు. తెర మీద లేని మచ్చలూ గుంటలూ ఫొటోలో నిక్షేపంగా వచ్చాయి. మరో బొమ్మేమీ అతికించడం లేదని, కృత్రిమ మేధ అది చంద్రుడని గుర్తుపట్టి వివరాలను మెరుగుపరుస్తుందని కంపెనీ చెప్పుకుంది. మనవాళ్ళు చంద్రుడికో నూలుపోగు అని ఊరుకున్నారు. వీళ్ళు ఏకంగా పట్టుబట్టలే పెట్టారు.

మరి మావాడి ఫోను సంగతేమిటి? వంటింట్లోంచి ఇడ్లీ తెచ్చి, నల్లటి పెనం మీద పెట్టి, టార్చి వేసి, ఐదడుగుల దూరం నుంచి జూమ్ చేసి తీశాను. గుంటలు రాలేదు. కుందేలూ కనబడలేదు. ఇడ్లీ ఇడ్లీగానే వచ్చింది. ఇడ్లీల విషయంలో ఈ ఫోను నిజాయితీని నేను ఏ కోర్టులోనైనా చెప్పగలను.

మనుషుల విషయంలో మాత్రం చెప్పలేను. పూర్వం స్టూడియోలో ఫొటోకు "టచింగ్" అని ఒకటుండేది. మొటిమ, గాటు వగైరా తీసెయ్యాలంటే ముందే మాట్లాడుకుని, పైన డబ్బులిచ్చుకోవాలి. స్టూడియో ఆయన మనల్ని అడక్కుండా మన మొహం మీద చెయ్యి వేసేవాడు కాదు. ఇప్పుడా మర్యాద లేదు. చాలా ఫోన్లలో కొన్నరోజు నుంచే మొహాన్ని నున్నగా చేసే బ్యూటీ మోడ్ నడుస్తూ ఉంటుంది, ఎంత నడుస్తోందో కొన్నవాడికీ తెలియదు.

కరెంటొచ్చాక మావాడు మా అమ్మను వరండాలో కూర్చోబెట్టి ఫొటో తీసి చూపించాడు. ఆవిడకు ఎనభై నాలుగేళ్ళు. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చాలాసేపు చూసింది.

"ఎవర్రా ఈ పిల్ల? మన సుబ్బులు కూతురా?"

"నువ్వే నానమ్మా."

"నేనైతే గడ్డం మీద పచ్చబొట్టేదిరా?"

నిజమే, చుక్క లేదు. ముడతలతో పాటు అదీ కొట్టుకుపోయింది. ఫోను దాన్ని మచ్చ అనుకున్నట్టుంది.

"కోటప్పకొండ తిరనాళ్ళలో రెండణాలిచ్చి పొడిపించుకున్నాను. ఏడిస్తే మా నాన్న జీళ్ళు కొనిచ్చాడు" అంది. ఫోను తిప్పి వెనకవైపు చూసింది. "దీనికెన్ని కళ్ళురా?"

"మూడు నానమ్మా."

"ఆ కొండ మీదాయనకూ మూడే. ఆయనకు కనబడింది మరి."

మావాడు బదులు చెప్పలేదు. వాడికింకా పద్నాలుగు వాయిదాలున్నాయి. చొక్కా అంచుతో మూడు కళ్ళూ శుభ్రంగా తుడిచి, ఇంకోసారి తీశాడు. ఈసారి మా అమ్మకు మరో రెండేళ్ళు తగ్గాయి.