క్యాబిన్‌లో మనిషి ఉండాలి

సినిమా హాలు ఒక్కరోజులో పాడవదు. తెర మీది వెలుతురు నెలనెలా కాస్త చొప్పున తగ్గుతుంది. కుడి గోడ మీది స్పీకరు ఎప్పుడు మూగబోయిందో ఎవరూ గమనించరు. కుర్చీ బోల్టు వదులవుతుంది. ఏసీ గాలిలో తడి వాసన మొదలవుతుంది. ఇవన్నీ కలిసి ప్రేక్షకుడి చేత ‘ఇకనుంచి ఇంట్లోనే చూద్దాం’ అనిపించే నాటికి యజమానికి కనబడేవి ఖాళీ సీట్లే. నెపం మాత్రం ఇంట్లోని పెద్ద టీవీ మీదికి, చేతిలోని ఫోను మీదికి పోతుంది. పోటీ ఉన్నమాట నిజం, కాదనడం లేదు. అయితే ఇంటి తెర ఇవ్వలేని బొమ్మను, శబ్దాన్ని ఇవ్వగల యంత్రాలు చాలా హాళ్లలో ఇప్పటికే ఉన్నాయి. వాటిని కనిపెట్టుకుని ఉండే మనిషే లేడు. చిన్న ఊళ్ల హాళ్లు నిలబడాలంటే మొదట దిద్దుకోవలసింది ఇదేనని మా నమ్మకం.

35 ఎంఎం ఫిల్ము రీళ్ల రోజుల్లో ఆపరేటర్ ప్రొజెక్టర్లుండే క్యాబిన్ వదిలి వెళ్లే వీలుండేది కాదు. 2,000 అడుగుల రీలు సుమారు 20 నిమిషాలు ఆడుతుంది. అది అయ్యేలోగా రెండో ప్రొజెక్టర్‌లో తర్వాతి రీలు సిద్ధంగా ఉండాలి. ప్రొజెక్టర్‌కు వెలుతురిచ్చే కార్బన్ కడ్డీలు మండి అరిగేకొద్దీ వాటి మధ్య ఎడం సరిచేస్తూ ఉండాలి. ఆ పనే అతని చూపును తెర మీద నిలిపేది. ఫోకస్ కాస్త చెదిరినా, వెలుగు కాస్త పసుపు తిరిగినా వెంటనే పట్టుకునేవాడు. హాలీవుడ్ స్టూడియోలు కలిసి పెట్టుకున్న డీసీఐ 2005లో డిజిటల్ సినిమా ప్రమాణాలు ప్రకటించింది. ఆ తర్వాత కొన్నేళ్లలోనే రీళ్లు పోయి హార్డ్ డిస్కులు వచ్చాయి. వారం ఆటలన్నీ ఒకేసారి సర్వర్‌లో, అంటే సినిమాలు దాచి ఆడించే కంప్యూటర్‌లో పేర్చి, లైట్లు ఆర్పడం మొదలు మాస్కింగ్ (బొమ్మ కొలతకు తగ్గట్టు తెర అంచులను కప్పే నల్లగుడ్డ) జరపడం వరకు యంత్రానికే అప్పగించవచ్చు. సౌకర్యం మంచిదే. కానీ దాంతోపాటు చాలాచోట్ల ఆపరేటర్ ఉద్యోగమూ పోయింది. యంత్రం ఆగితే అలారం మోగుతుంది. బొమ్మ మసకబారితే ఏ అలారమూ మోగదు.

ఆ మసక ఎలా వస్తుందో వివరంగా చెప్పుకోవాలి. తెర మధ్యలో తెలుపు వెలుతురు చదరపు మీటరుకు 48 క్యాండెలాలు ఉండాలన్నది ప్రమాణం. పాత కొలతలో 14 ఫుట్‌ల్యాంబర్ట్‌లు. సినిమాకు రంగులు దిద్దే గదిలోనూ ఇదే కొలత. అక్కడ నీడలో స్పష్టంగా కనిపించిన ముఖం మన హాల్లో చీకట్లో కలిసిపోతే ఛాయాగ్రాహకుణ్ని తప్పుపట్టలేం. ప్రొజెక్టర్‌లోని జినాన్ ల్యాంపు వెలిగేకొద్దీ దాని టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్ల కొనలు అరుగుతాయి. ఆవిరైన టంగ్‌స్టన్ ల్యాంపు క్వార్ట్జ్ గోడకు లోపలివైపు నల్లగా పేరుకుంటుంది. గడువు చివరికొచ్చిన ల్యాంపు కొత్తలో ఇచ్చిన వెలుతురులో 70 శాతమే ఇస్తోందనుకుందాం. క్యాబిన్ కిటికీకి మామూలు గాజు బిగించి ఉంటే గాజు ఒక్కో పక్క నుంచి 4 శాతం చొప్పున సుమారు 8 శాతం వెనక్కి తిరిగిపోతుంది. మిగిలేది 64 శాతం. గాజు మీద, లెన్సు మీద దుమ్ము పదో వంతు మింగితే 58. ఏళ్ల తరబడి దుమ్ము, పాప్‌కార్న్ నూనె ఆవిరి పట్టిన తెర అయిదో వంతు మింగితే 46. అంటే 48 క్యాండెలాలకు అమర్చిన హాల్లో మిగిలింది 22. విడివిడిగా చూస్తే ఇందులో ఏ లోపమూ హాలు మూసుకోవలసినంత పెద్దది కాదు. అన్నీ కలిసి సగానికి పైగా వెలుతురును తినేశాయి.

కన్ను చీకటికి అలవాటు పడుతుంది కాబట్టి రోజూ చూసే సిబ్బందికి ఈ తేడా తెలియదు. అందుకే మీటరు కావాలి. పూర్తి తెలుపు టెస్ట్ ప్యాటర్న్ తెర మీద వేసి, హాల్లో మూడింట రెండు వంతులు వెనక్కి వెళ్లి నడిమి సీట్లో కూర్చుని, దూరం నుంచే ఒక్కో చోటి వెలుతురును చూపే స్పాట్ మీటర్‌తో తెర మధ్యను, రెండు అంచులను, నాలుగు మూలలను కొలవాలి. అంచుల వెలుతురు మధ్యలో ఉన్నదానిలో సుమారు 75 శాతానికి తగ్గితే ల్యాంపు స్థానం సరిగా లేదని అర్థం. లెన్సు, గాజు తుడిచాకే కొలవాలి. లేదంటే దుమ్ము చేసిన నష్టాన్ని ల్యాంపుకు అంటగట్టి బాగున్నదాన్ని మార్చేస్తారు. కిటికీ గాజును రెండువైపులా తుడవాలన్నది చిన్న సంగతే అయినా, హాలు వైపు ముఖం చేతికి అందక అలాగే వదిలేయడం పరిపాటి. ప్రతిబింబాన్ని తగ్గించే పూత ఉన్న గాజు వేస్తే పోయే 8 శాతంలో చాలా భాగం ఒక్కసారి ఖర్చుతో తిరిగొస్తుంది.

ల్యాంపు గంటల విషయంలో పొదుపు ప్రమాదకరం. చల్లగా ఉన్నప్పుడే దానిలోపల వాయువు వాతావరణ పీడనానికి ఎన్నో రెట్లు ఒత్తిడితో ఉంటుంది. వెలిగితే ఇంకా పెరుగుతుంది. గడువు దాటాక వాడితే పేలే అవకాశం ఎక్కువవుతుంది. పేలితే దాని వెలుతురును ముందుకు పంపే అద్దం, అంటే రిఫ్లెక్టర్ కూడా పోతుంది, దాని ఖరీదు ముందు మిగిల్చిన ల్యాంపు డబ్బు లెక్కలోకి రాదు. పెద్ద వాటేజీ ల్యాంపుకు గడువు తక్కువ కాబట్టి పక్క హాలు లెక్క ఈ హాలుకు పనికిరాదు. మార్చేవారు ముఖానికి షీల్డు, చేతులకు గ్లోవ్స్ వేసుకోవాలి. క్వార్ట్జ్ మీద వేలిముద్ర పడితే ఆల్కహాల్‌తో తుడవకుండా వెలిగించకూడదు. లేజర్ ప్రొజెక్టర్ కొన్నవారికి ల్యాంపు బాధ లేదు. అయితే లేజర్ వెలుతురూ వేల గంటల్లో నెమ్మదిగా తగ్గేదే. మార్చవలసిన రోజంటూ రాదు కనుక ఆ తగ్గుదలను పట్టించుకోకపోవడం ఇంకా తేలిక. మీటరు అక్కడా కావాలి.

మానవ లోపాలు మరికొన్ని ఉన్నాయి. త్రీడీ సినిమా అయిపోయాక ప్రొజెక్టర్ ముందున్న పోలరైజర్‌ను (త్రీడీ కళ్లద్దాలకు తగ్గట్టు వెలుతురును వడకట్టే పరికరం) పక్కకు జరపడం మరిచిపోతే మామూలు సినిమా వెలుతురు సగానికి పైగా పోతుంది. వారమంతా అలాగే ఆడినా యంత్రానికి అది తప్పుగా తోచదు. ఫ్లాట్ సినిమా బొమ్మ వెడల్పు ఎత్తుకు 1.85 రెట్లు, స్కోప్ సినిమాది 2.39 రెట్లు ఉంటుంది. మాస్కింగ్ తాడు తెగినా, మోటారు ఆగినా బాగుచేయించకుండా ఒకేచోట కట్టేస్తే బొమ్మకు పైనా కిందా, లేదా రెండు పక్కలా బూడిద రంగు పట్టీలు మిగులుతాయి. తెరకు ముడతలు పడితే అంచుల్లో లాగి కట్టిన స్ప్రింగులో, సాగే తాళ్లో సడలాయని అర్థం. వాటిని మార్చడానికి పెద్ద నిపుణుడు అక్కర్లేదు. తెరను తడిగుడ్డతో రుద్దితే మాత్రం మరకలు శాశ్వతమవుతాయి. త్రీడీ కోసం వేసిన సిల్వర్ స్క్రీన్ అయితే పూతే లేచిపోతుంది.

శబ్దం సంగతి ఇంతకన్నా అన్యాయంగా ఉంది. ‘మాటలు అర్థం కావడం లేదు’ అనేది ఇవాళ ప్రేక్షకుల నుంచి తరచూ వినిపించే ఫిర్యాదు. సౌండ్ మిక్సింగ్‌లో లోపాలుంటే ఉండవచ్చు. కానీ మిక్సింగ్ థియేటర్లో ఫేడర్, అంటే శబ్దం పెంచే తగ్గించే మీట 7 దగ్గర పెట్టి సినిమా తయారుచేస్తారు. ఆ స్థానంలో పింక్ నాయిస్ (సన్నని, లోతైన స్వరాలన్నీ కలిసిన హోరులాంటి పరీక్ష శబ్దం) వేస్తే తెర వెనుక ఒక్కో స్పీకర్ నుంచి 85 డెసిబెల్స్, పక్క గోడల మీది సరౌండ్ స్పీకర్ల వరుసల నుంచి 82 రావాలి. ఎవరో ఒకరు శబ్దం ఎక్కువైందంటే ఫేడర్‌ను 4.5కు దించుతారు, తర్వాతి సినిమాకు మళ్లీ పెంచేవారు ఉండరు. సంభాషణ దాదాపుగా తెర వెనుక నడిమి స్పీకర్ నుంచే వస్తుంది. సన్నని శబ్దాలు పలికించే దాని హై ఫ్రీక్వెన్సీ డ్రైవర్‌లో డయాఫ్రమ్ అనే పలుచని పొర కాలిపోతే స, శ, త, ప లాంటి హల్లుల పదును పోయి మాటలు గొణుగుడులా వినిపిస్తాయి. శబ్దం మొత్తంగా ఆగదు కాబట్టి స్పీకర్ పాడైందని ఎవరికీ తట్టదు. దీన్ని పట్టుకోవడానికి 10 నిమిషాలు చాలు. ఒక్కో చానల్‌కు విడిగా పింక్ నాయిస్ వేసి మీటరు చూడాలి, గోడల వెంట నడుస్తూ ప్రతి సరౌండ్ స్పీకర్ దగ్గర ఆగి వినాలి. లోతైన శబ్దానికి గడగడమనే లైటు తొడుగులు, సీలింగ్ పలకలు కూడా అప్పుడే దొరుకుతాయి.

క్యాబిన్‌లో కంటికి కనబడని మరో గండం బ్యాటరీ. ప్రొజెక్టర్‌లోని మీడియా బ్లాక్ కార్డు మీద చిన్న బ్యాటరీ ఉంటుంది. పంపిణీదారు డిజిటల్ తాళం వేసి పంపే సినిమాను విప్పే రహస్య కీ దాని ఆధారంతోనే నిలుస్తుంది. బ్యాటరీ పూర్తిగా అయిపోతే కీ చెరిగిపోతుంది, కార్డును తయారీదారుకు పంపడం తప్ప దారి లేదు. హాలు కొన్నాళ్లు మూసి ఉంచేవారు యంత్రానికి మధ్యమధ్య కరెంటు ఇవ్వాలి, బ్యాటరీ హెచ్చరిక రాకముందే గడువు ప్రకారం మార్చాలి. సర్వర్ గడియారాన్ని ఏడాదిలో 6 నిమిషాలకు మించి సవరించడానికి ప్రమాణాలు ఒప్పుకోవు. అది పట్టించుకోక తేడా పెరిగిపోతే, నిర్ణీత తేదీల మధ్యే తెరుచుకునే ఆ తాళం గడువుతో పేచీ వచ్చి మొదటి ఆటే ఆగిపోవచ్చు. సర్వర్‌లోని నాలుగైదు డిస్కుల్లో ఒకటి పోయినా సినిమా ఆడుతూనే ఉంటుంది. ఆ ధీమాతో ఆలస్యం చేస్తే రెండోది పోయిన రోజున ఆట రద్దవుతుంది. ఇక గాలి ఫిల్టర్లు. దుమ్ముతో మూసుకుపోతే యంత్రం వేడెక్కుతుంది. దుమ్ము లోపలి అద్దాల దాకా చేరితే శుభ్రం చేయడం హాలు సిబ్బంది చేతిలో ఉండదు.

క్యాబిన్ బయటికొస్తే, హాలు వాసనకు మూలం చాలాసార్లు ఏసీ నీళ్ల ట్రేలోనే దొరుకుతుంది. నీరు పోయే గొట్టం పూడి, ట్రేలో నాచు పడుతుంది. జనం తక్కువని ఆటల మధ్య ఏసీ ఆపేస్తే తేమ గోడల వస్త్రంలోకి, సీట్ల నురుగులోకి దిగి బూజవుతుంది. కరెంటు ఆదాకు బయటి గాలి వచ్చే దారి మూసేస్తే నిండు హాల్లో బొగ్గుపులుసు వాయువు పెరిగి ప్రేక్షకుడు తలనొప్పితో బయటికొస్తాడు, నెపం సినిమా మీద పెడతాడు. కుర్చీలకు నెలకోసారి స్పానర్‌తో ఒక చుట్టు తిరగాలి. ఒక బోల్టు వదులైతే వరుసంతా ఊగుతుంది. మరుగుదొడ్ల గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఒకే ప్రాంగణంలో మూడు ఆటలు ఒకేసారి వదలకుండా షెడ్యూలు వేసుకుంటే సగం సమస్య తీరుతుంది.

ప్రాణాలతో ముడిపడిన అంశంలో ఉపేక్ష ఏం చేస్తుందో చరిత్ర చెప్పింది. 1929 డిసెంబరు 31న స్కాట్లాండ్‌లోని పైస్లీ పట్టణంలో గ్లెన్ సినిమా హాల్లోకి ఫిల్ము డబ్బా నుంచి పొగ వచ్చింది. హాలు తగలబడలేదు. భయంతో పరుగెత్తిన పిల్లలకు బయటి దారి తెరుచుకోలేదు. 71 మంది చనిపోయారు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ హాల్లో ట్రాన్స్‌ఫార్మర్ మంటల పొగ బాల్కనీలోకి చేరి 59 మంది చనిపోయారు. అక్కడ నడవా ఉండవలసిన చోట అదనపు సీట్లు వేశారు. రెండు ఘటనల మధ్య 67 ఏళ్లకు పైగా గడిచినా కారణం ఒకటే, మూసుకుపోయిన దారి. 2013 డిసెంబరులో లండన్ అపోలో నాటకశాలలో ప్లాస్టర్ సీలింగ్ ప్రేక్షకుల మీద కూలింది. దాన్ని పైన పట్టి ఉంచిన పాత గోనె, ప్లాస్టర్ కట్లు శిథిలమైపోయాయి. అలాంటి సీలింగ్ ఉన్న పాత హాళ్లలో అటక మీదికెక్కి ఆ కట్లను చూడటం, కప్పు మీద నీళ్లు నిలవకుండా కాలువలు తీయడం వానలకు ముందే జరగాలి. అత్యవసర దీపాలను కరెంటు ఆపి పరీక్షించాలి. స్విచ్ ఆన్‌లో ఉందని రాసుకున్నంత మాత్రాన బ్యాటరీ పనిచేస్తున్నట్టు కాదు.

యజమానుల ఇబ్బంది మాకు తెలియనిది కాదు. 2009 తర్వాత కొద్ది ఏళ్లలో చాలా దేశాల్లో హాళ్లు ఒకేసారి డిజిటల్‌కు మారాయి. అప్పట్లో ఆ ఖర్చులో భాగం నిర్మాతలు, పంపిణీదారులు వర్చువల్ ప్రింట్ ఫీజు పేరుతో భరించారు. చాలాచోట్ల ఆ ఒప్పందాలు ముగిశాయి. ఒకేసారి కొన్న యంత్రాలు ఒకేసారి ముసలివయ్యాయి, పాత నమూనాలకు విడిభాగాలు దొరకడం కష్టమవుతోంది. ఈసారి భారం చాలావరకు హాలుదే. మొదటి వారం వసూళ్లలో పెద్ద వాటా పంపిణీదారుకు పోయే పద్ధతిలో చిన్న హాలు దగ్గర మిగిలేది తక్కువ. మిగలనప్పుడు మొదట కోతపడేది నిర్వహణ ఖర్చే. తమ బొమ్మ ఎలా కనబడుతోందన్నది నిర్మాతకూ పంపిణీదారుకూ పట్టవలసిన విషయం. వెలుతురు, శబ్దం ప్రమాణాలకు తగ్గట్టు ఉన్నాయని కొలతలు చూపించిన హాలుకు వాటాలో కొంత వెసులుబాటు ఇవ్వాలని మేం కోరుతున్నాం. ఏడాదికి ఒకసారి నిపుణుణ్ని పిలిచే ఖర్చును నాలుగైదు హాళ్లు కలిసి పంచుకోవచ్చు, స్పాట్ మీటరూ ఉమ్మడిగా కొనుక్కోవచ్చు.

అన్నిటికన్నా ముందు ప్రతి హాలుకూ బాధ్యత గల ఆపరేటర్ ఒకరు ఉండాలి. ఆ మనిషి మొదటి ఆటకు అరగంట ముందు వచ్చి గాజు తుడవాలి, టెస్ట్ ప్యాటర్న్ వేసి ఫోకస్, మాస్కింగ్ చూసుకోవాలి, చానళ్లన్నీ ఒకసారి విని, అత్యవసర ద్వారాలన్నిటినీ లోపలి నుంచి తన చేత్తో తోసి తెరవాలి. ఆట మొదలయ్యాక 10 నిమిషాలు హాలు వెనుక నిలబడి చూడాలి. నెలకోసారి కొలిచిన వెలుతురు, డెసిబెల్స్, ల్యాంపు గంటలు, మార్చిన ఫిల్టర్ల తేదీలు ఒక రిజిస్టరులో రాయాలి. తాజా పేజీ టికెట్ కౌంటర్ దగ్గర అందరికీ కనబడేలా అంటించాలి. ప్రేక్షకులకూ ఒక మాట: బొమ్మ మసకగా ఉంటే ఆట అయ్యాక కాదు, మొదటి 10 నిమిషాల్లోనే లేచి వెళ్లి చెప్పండి. పోలరైజర్ జరపడానికి, ఫేడర్ సరిచేయడానికి నిమిషం పడుతుంది. ఆ మాట చెప్పించుకోవడానికి క్యాబిన్ తలుపు దగ్గర ఒక మనిషి ఉండటమే ఇప్పుడు కావలసింది.