నాలుగు నెలల సగటుతో సామాను సర్దుకోలేరు

ఈ నైరుతి రుతుపవనాల కాలంలో వర్షాలు సాధారణం కంటే ఎక్కువగా ఉండవచ్చని, గోదావరి పరీవాహక ప్రాంతానికి వరద ముప్పు ఉందని మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో రాశారు. అంచనా అవసరమే, అయితే జూన్ నుంచి సెప్టెంబరు దాకా కలిపి చెప్పే వర్షపాత శాతాన్ని చూసి భద్రాచలం వాసులు ఇల్లు ఎప్పుడు ఖాళీ చేయాలో తేల్చుకోలేరు. అక్కడ గోదావరి నీటిమట్టం 53 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జులైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. ఆ నీటిలో అధిక భాగం మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్‌లలో కురిసి ఉపనదులైన ప్రాణహిత, ఇంద్రావతి మీదుగా దిగివచ్చినదే కనుక, మన ఊళ్లో గొడుగు తీయని రోజున కూడా ఏరు పెరగవచ్చు. దిగువన కూనవరం వద్ద గోదావరి పోటెత్తితే అక్కడ కలిసే శబరి నది నీరు వెనక్కి ఎగదన్ని చింతూరు వైపు దారులను ముంచేస్తుంది. 2022 వరద తీశాక మా బంధువుల ఇంట్లో దేవుడి గూటికి జానెడు పైన బురద చార కనిపించింది. అటకెక్కించిన బియ్యం డబ్బా ఒక్కటే దక్కింది (అది కూడా పెద్దమ్మ పట్టుబట్టడం వల్లనే). ఎగువన నీరు ఎంత ఉంది, ఏ ఊరికి ఎన్ని గంటల్లో చేరుతుంది అన్న వివరాలను తదుపరి వ్యాసంలోనైనా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.