స్పెషలిస్టు పుస్తకాన్ని ఎవరు తూచాలి?

పుస్తకాలు చదివేవాళ్ల మధ్య ఒక సలహా ఈ మధ్య బాగా తిరుగుతోంది. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ కానీ, ప్రాచీన చైనా గడియారాల చరిత్ర కానీ, మనకు పరిచయం లేని రంగంలో పుస్తకం కొనేటప్పుడు నాలుగు సంగతులు చూస్తే చాలని దాని సారాంశం. రాసినవాడికి ఆ సబ్జెక్టులో డిగ్రీ ఉండాలి. ఎడిషన్ కొత్తదై ఉండాలి. బొమ్మలు, లెక్కలు నిండుగా ఉండాలి. స్టార్లు ఎక్కువ రావాలి. చివర్లో ఇంకో మాట కూడా ఉంది: స్పెషలిస్టు పుస్తకం మంచిచెడ్డలు స్పెషలిస్టే చెప్పాలి, మామూలు పాఠకుడు అందులో వేలు పెట్టకూడదు.

మొదటి నాలుగూ సగం సగం నిజాలు. అయిదోది మాత్రం హాని చేస్తుంది. జాగ్రత్తగా చదివే మనిషిని పుస్తకం దగ్గర నుంచి తరిమేసేది అదే. అందుకే ఒక్కోదాన్నీ విడిగా తీసుకుని చెబుతాను.

ముందు డిగ్రీ సంగతి. చైనా గడియారాల చరిత్రలో అందరూ చెప్పుకునేది సు సోంగ్ గడియార స్తంభం. సోంగ్ వంశం కాలంలో, రాజధాని కైఫెంగ్‌లో కట్టారు. పని 1086లో మొదలైంది, 1088 నాటికి చెక్క నమూనా సిద్ధమైంది, ఆ తర్వాత కొన్నేళ్లకు స్తంభం పూర్తయింది. ఎత్తు దాదాపు 12 మీటర్లు. పైన నక్షత్రాల స్థానాలు కొలిచే వలయాల యంత్రం, లోపల ఆకాశాన్ని చూపించే గోళం, కింది అంతస్తుల్లో వేళ ప్రకారం బయటికొచ్చి గంటలు, డోళ్లు మోగించే చెక్క బొమ్మలు. ఇదంతా నీటి చక్రం బలంతో నడిచేది. కట్టించిన సు సోంగ్ వృత్తిరీత్యా ప్రభుత్వోద్యోగి. లెక్కల వైపు ఆయనకు అండగా నిలిచిన హాన్ గోంగ్లియాన్ ఒక మంత్రిత్వ శాఖలో గుమాస్తా. గడియారాలు చేయడమే వృత్తిగా ఉన్నవాళ్లు కాదు ఇద్దరూ.

ఈ స్తంభం గురించి ఆధునిక ప్రపంచానికి వివరంగా చెప్పిన పుస్తకం 1960లో వచ్చిన 'హెవెన్లీ క్లాక్‌వర్క్'. దాన్ని ముగ్గురు రాశారు. జోసెఫ్ నీధమ్ అసలు బయోకెమిస్టు. డెరెక్ డి సొల్లా ప్రైస్ ఫిజిక్స్ నుంచి సైన్సు చరిత్రలోకి వచ్చినవాడు. వాంగ్ లింగ్ చరిత్రకారుడు. ఆ పుస్తకంలోని యంత్రం వివరణలో లోపాలు పట్టి, పనిచేసే నమూనా కట్టి, సవరణలు సూచించిన జాన్ కోంబ్రిడ్జ్ బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజనీరింగ్ విభాగం మనిషి. 'చైనా గడియారాల చరిత్ర' అనే డిగ్రీ వీళ్లలో ఒక్కరికీ లేదు, అలాంటి డిగ్రీయే లేదు. ఆ అంశం పాత చైనా భాష, ఖగోళం, యంత్రశాస్త్రం మూడూ కలిసే చోట ఉంది. అక్కడ ఎవరి డిగ్రీ అడుగుతాం?

ఎలక్ట్రికల్ వైపు ఇంతకన్నా గట్టి ఉదాహరణ ఉంది. ఇంగ్లండ్‌కు చెందిన ఆలివర్ హెవిసైడ్ 16 ఏళ్లకే బడి మానేసి టెలిగ్రాఫ్ ఆపరేటర్ అయ్యాడు. ఈ రోజు ఇంజనీరింగ్ విద్యార్థి చదివే నాలుగు మ్యాక్స్‌వెల్ సమీకరణాలను ఆ రూపంలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు ఆయన. ఏసీ కరెంటుకు ఎదురయ్యే మొత్తం అడ్డుకు ఇంపీడెన్స్ అని, కరెంటు మారడాన్ని అడ్డుకునే గుణానికి ఇండక్టెన్స్ అని పేర్లు పెట్టింది కూడా ఆయనే. డిగ్రీని బట్టే పుస్తకం కొనేవాడు ఆయన పుస్తకాలను అరలోంచి తీసి చూసేవాడు కూడా కాదు.

ఇక కొత్త ఎడిషన్. ఇందులో కొంత నిజం ఉంది, కానీ అది ఏ పుస్తకానికి వర్తిస్తుందో చెప్పకపోవడం వల్ల సలహా చెడిపోయింది. వైరింగ్, ఎర్తింగ్, సేఫ్టీ నిబంధనల పుస్తకమైతే కొత్తదే కొనాలి, సందేహం లేదు. మన దేశంలో 1956 నాటి విద్యుత్ నిబంధనల స్థానంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో కొత్తవి తెచ్చింది, 2023లో వాటినీ మార్చింది. పాత నిబంధనలు చూసి పని చేస్తే మనుషుల ప్రాణాలకే ముప్పు. అదే ఏసీ సర్క్యూట్ల సిద్ధాంతమైతే లెక్క వేరు. ఏసీ లెక్కలకు కాంప్లెక్స్ నంబర్లు ఎలా వాడాలో స్టైన్‌మెట్జ్ అనే ఇంజనీరు 1893లో చూపించాడు, ఇప్పటికీ క్లాసులో అదే పద్ధతి. ట్రాన్స్‌ఫార్మర్ పనిచేసే సూత్రం ఎడిషన్ మారినంత మాత్రాన మారదు. చాలా పాఠ్యపుస్తకాల్లో కొత్త ఎడిషన్ అంటే అధ్యాయాల వరుస మార్చి, చివర కొన్ని ప్రశ్నలు కలపడమే.

చరిత్ర పుస్తకాల్లో ఇంకో రకం చిక్కు. 'హెవెన్లీ క్లాక్‌వర్క్' రెండో ఎడిషన్ 1986లో కోంబ్రిడ్జ్ రాసిన అనుబంధంతో వచ్చింది. అనుబంధాన్ని వదిలేసి ముందు భాగం మాత్రమే చదివినవాడి చేతిలో ఉన్నది 1986 పుస్తకం, తలలో ఉన్నది 1960 నాటి అవగాహన. కాబట్టి ఏ ఏడాదిది అని అడిగితే సరిపోదు. ఏం మారింది, ఎక్కడ మారింది అని అడగాలి. ముందుమాటలో అది స్పష్టంగా చెప్పని ప్రచురణకర్త మీద నాకు నమ్మకం తక్కువ.

బొమ్మలు, లెక్కలు నిండుగా ఉండాలన్న మాట దగ్గర నేను ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే జనం మోసపోయేది ఇక్కడే. సు సోంగ్ తన యంత్రం గురించి ఒక గ్రంథం రాశాడు. దాన్లో భాగాల బొమ్మలు, వాటి పేర్లు, కొలతలు ఉన్నాయి. 1127లో ఉత్తరాది జిన్ రాజ్యం సేనలు కైఫెంగ్‌ను పట్టుకుని, స్తంభాన్ని విప్పి ఉత్తరాన ఇప్పటి బీజింగ్ ఉన్న చోటికి తీసుకుపోయాయి. యంత్రం తర్వాత నిలవలేదు. గ్రంథం మాత్రం 1172లో దక్షిణాన మళ్లీ అచ్చయింది, అందుకే ఈ కథంతా మనకు తెలిసింది. ఇప్పుడు మీరు ఏ పుస్తకం తెరిచినా కనిపించే బొమ్మ, అంటే స్తంభం గోడ కోసినట్టు లోపలి చక్రాలన్నీ చూపించే ఆ అందమైన బొమ్మ, సు సోంగ్ గీయించింది కాదు. 20వ శతాబ్దంలో నీధమ్ బృందం కోసం గీసిన ఊహాచిత్రం. చాలా పుస్తకాలు ఆ సంగతి చెప్పకుండా, 11వ శతాబ్దపు బొమ్మ అనుకునేలా అచ్చు వేస్తాయి. సోంగ్ కాలం నాటి గీతలు ఏవి, ఇప్పటివాళ్లు పూరించినవి ఏవి అని బొమ్మ కింద ఒక్క వాక్యం రాసిన పుస్తకం నిజాయితీ ఉన్న పుస్తకం. ఈ పరీక్షకు చైనా భాష రానక్కర్లేదు. బొమ్మ కింది వాక్యం చదివితే చాలు.

లెక్కలను కూడా మామూలు పాఠకుడే పరీక్షించవచ్చు. యంత్రం నడిచే తీరు ఇది. నీటి మట్టం మారకుండా చూసే తొట్టి నుంచి ధార వచ్చి చక్రం అంచున ఉన్న గిన్నెలో పడుతుంది. చక్రానికి అలాంటి గిన్నెలు 36. గిన్నె నిండి బరువు చాలినంత అయ్యాక ఒక మీట కిందికి వాలుతుంది, దానితో కలిసి ఉన్న పై మీట లేచి చక్రాన్ని వదులుతుంది. చక్రం ఒక్క గిన్నె మేర కదిలి మళ్లీ ఆగిపోతుంది. చక్రం రోజుకు 100 చుట్లు తిరిగిందని పరిశోధకుల లెక్క. చైనాలో రోజును 100 భాగాలు చేసేవాళ్లు కాబట్టి ఒక చుట్టు ఒక భాగం. ఇప్పుడు కాగితం తీసుకోండి. రోజుకు 86,400 సెకన్లు. 100తో భాగిస్తే 864 సెకన్లు, అంటే 14 నిమిషాల 24 సెకన్లు. దాన్ని 36తో భాగిస్తే 24 సెకన్లు. గిన్నెకు 24 సెకన్లు అని రాసిన పుస్తకం లెక్క కుదిరింది. ఇంకో సంఖ్య రాసిన పుస్తకాన్ని ఎందుకని నిలదీయవచ్చు. పంచాంగం చూసే అలవాటున్న తెలుగువాళ్లకు 24 సెకన్లు కొత్త కాదు, అది మన విఘడియ. మన గడియకూ చైనా చక్రానికీ సంబంధం ఉందని నేను అనడం లేదు. రోజును 60 గడియలు, గడియను 60 విఘడియలు చేస్తే లెక్క అక్కడికే వస్తుంది, అంతే. కానీ ఆ కొలత మనకు అలవాటైనదే కాబట్టి ఆ గిన్నె ఎంతసేపట్లో నిండిందో మనం సులువుగా ఊహించుకోగలం.

ఎలక్ట్రికల్ పుస్తకానికీ ఇదే పరీక్ష. 5 హెచ్.పి. త్రీఫేజ్ మోటారు తీసుకుందాం, మన పొలాల్లో బోరు దగ్గర ఎక్కువగా ఉండేది. 5 హెచ్.పి. అంటే 3,730 వాట్లు. 415 వోల్టులు, పవర్ ఫ్యాక్టర్ (లైనులో వచ్చేదాంట్లో నిజంగా పనికొచ్చే వంతు) 0.85, ఎఫిషియన్సీ (మోటారు లాగిన కరెంటులో పనిగా మారే వంతు) 0.85 అనుకుంటే కరెంటు సుమారు 7.2 ఆంపియర్లు. ఎఫిషియన్సీని మర్చిపోయి లెక్క కడితే 6.1 వస్తుంది. హెచ్.పి. అనేది మోటారు షాఫ్టు దగ్గర ఇచ్చే బలమని, లైను నుంచి లాగేది అంతకన్నా ఎక్కువని ఆ పుస్తకం మర్చిపోయిందన్నమాట. 6.1 చూసి స్టార్టర్‌లో, కరెంటు పరిమితి దాటితే మోటారును ఆపేసే ఓవర్‌లోడ్ రిలే పెట్టినవాడి మోటారు నిండు లోడు మీద ఆగిపోయే అవకాశం ఉంది. మోటారు నేమ్‌ప్లేట్ మీద రాసిన ఆంపియర్లతో పుస్తకంలోని ఉదాహరణను పోల్చే వైండింగ్ మెకానిక్ ఆ పుస్తకానికి మంచి పరీక్షకుడు. ఆయనకు డిగ్రీ లేకపోవచ్చు. ఆ పేజీ విషయంలో ఆయన తీర్పును నేను నమ్ముతాను.

స్టార్ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పరీక్ష పాసైనవాడు అయిదు ఇస్తాడు, పార్సిల్ నలిగి వచ్చినవాడు ఒకటి ఇస్తాడు. సెమిస్టర్ ముందు రాత్రి పనికొచ్చే ఆల్-ఇన్-వన్‌కూ, పదేళ్లు బల్ల మీద ఉండే పుస్తకానికీ ఒకే కొలబద్ద పనికిరాదు. చైనా గడియారాల లాంటి అంశంలో అయితే ఒక పుస్తకాన్ని చదివి అభిప్రాయం రాసేవాళ్లే వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఆ సగటుకు అర్థం ఉండదు. ఎందుకు నచ్చిందో, ఏ పేజీలో ఏం తప్పుందో రాసిన ఒక్క పేరా ఉంటే అది చదవండి, సంఖ్యను వదిలేయండి.

ఇప్పుడు అసలు మాట, స్పెషలిస్టే తూచాలన్నది. హెవిసైడ్ కథే దీనికి జవాబు. టెలిఫోన్ లైన్లలో మాట చెదిరిపోకుండా ఉండాలంటే ఇండక్టెన్స్ పెంచాలని ఆయన 1887లో లెక్కలతో చూపించాడు. ఆ రోజుల్లో టెలిగ్రాఫ్ లైన్లు చూసుకునే బ్రిటిష్ పోస్టాఫీసులో విద్యుత్ వ్యవహారాలకు పెద్దదిక్కు విలియం ప్రీస్. ఇండక్టెన్స్ హాని చేస్తుందని ఆయన నమ్మకం. హెవిసైడ్ సోదరులు కలిసి రాసిన వ్యాసం బయటికి రాకుండా ఆయన అడ్డుపడ్డాడు. పదమూడేళ్ల తర్వాత అమెరికాలో ప్యూపిన్ అనే శాస్త్రవేత్త, ఇండక్టెన్స్ పెంచడానికి లైన్లలో కాయిల్స్ పెట్టే పద్ధతికి పేటెంటు పొందాడు, దూరప్రాంతాల టెలిఫోనుకు అదే దారి అయింది. 1894లో హెవిసైడ్ గణిత పద్ధతుల మీద రాసిన మరో వ్యాసాన్ని లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ తిప్పి పంపింది. రెండుసార్లూ తూచినవాళ్లు ఆ రంగంలో హోదా ఉన్నవాళ్లే. స్పెషలిస్టులు పనికిరారని నేను అనడం లేదు. వాళ్ల మాటకు కూడా కారణం అడగాలంటున్నాను. ప్రీస్ దగ్గర హోదా ఉంది, హెవిసైడ్ దగ్గర లెక్క ఉంది. ఆనాడు ఆ లెక్కను ఓపికగా చదివినవాళ్లు ఇంకొందరు ఉండి ఉంటే టెలిఫోనుకు అన్నేళ్ల ఆలస్యం తప్పేది.

స్పెషలిస్టు మాట తప్ప దిక్కులేని చోట్లు ఉన్నాయి, ఒప్పుకోవాలి. సు సోంగ్ గ్రంథంలోని ఒక వాక్యానికి అర్థం ఇదా అదా అన్నది పాత చైనా భాష తెలిసినవాళ్లే తేల్చాలి. హై వోల్టేజీ ఇన్సులేషన్ ఎన్నేళ్లు నిలుస్తుందో ల్యాబులో పరీక్షించినవాళ్లే చెప్పాలి. అలాంటి చోట పాఠకుడు చేయగలిగింది ఒకటే: రచయిత తన మూలాన్ని చూపించాడా, ఇతరుల అభిప్రాయం వేరుగా ఉంటే దాన్ని కూడా చెప్పాడా అని చూడడం.

ఈ కడపటి పరీక్ష చైనా గడియారాల విషయంలో చాలా పనికొస్తుంది. నీటి గడియారాలకూ, 13వ శతాబ్దం చివర్లో యూరప్‌లో పుట్టిన బరువులతో నడిచే గడియారాలకూ మధ్య తప్పిపోయిన లంకె చైనా యంత్రమే అని నీధమ్ బృందం భావించింది. 1983లో చరిత్రకారుడు డేవిడ్ లాండెస్ దాన్ని కాదన్నాడు. సు సోంగ్ యంత్రం గొప్పదే అయినా దాని దారి అక్కడితో ఆగిపోయిందని ఆయన వాదన. యంత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా మనకే కనబడుతుంది. చైనా చక్రం ఎప్పుడు కదలాలో గిన్నెలో నిండే నీటి బరువు నిర్ణయిస్తుంది. యూరప్ గడియారంలో అటూ ఇటూ ఊగే అడ్డకర్ర నిర్ణయిస్తుంది. ఒకదాన్నుంచి రెండోది వచ్చిందనాలంటే మధ్యలో ఎవరు చూశారు, ఎవరు మోసుకెళ్లారు, ఏ రాతలో ఉంది అన్నదానికి ఆధారం కావాలి. అలాంటి ప్రత్యక్ష ఆధారం ఇంతవరకు ఎవరూ చూపించలేదు. కాబట్టి 'యూరప్ గడియారం చైనా నుంచి వచ్చింది' అని ఒక్క వాక్యంలో తేల్చేసిన పుస్తకం కనబడితే, దాని రచయితకు ఎన్ని డిగ్రీలున్నా, ఆ వాక్యం కింద ఆధారం ఉందా లేదా అని మీరే వెతకండి. 1601లో ఇటలీ మతప్రచారకుడు మాటియో రిచ్చీ చైనాను ఏలిన మింగ్ చక్రవర్తికి కానుకగా పంపిన యూరప్ గడియారాలు ఆ ఆస్థానానికి పెద్ద వింత అయ్యాయన్న సంగతి ఆ పుస్తకంలో ఉందో లేదో కూడా చూడండి.