‘చెబితే చేసేవాణ్ణి కదా!’

ఇంట్లో చాలా గొడవలు ఈ మాట దగ్గరే ముదురుతాయి. అన్నవాడు అబద్ధమేమీ ఆడటం లేదు. చెప్పి ఉంటే నిజంగానే చేసేవాడు. విన్న మనిషికి ఒళ్లు మండేది కూడా సరిగ్గా అందుకే. ఏం కావాలో, ఎప్పటికి కావాలో, మరిచిపోతే ఏమవుతుందో తలలో పెట్టుకుని తిరగడమే పనిలో సింహభాగం. చెప్పించుకుని చేసేవాడు ఆ భాగాన్ని ఎదుటివాళ్ల నెత్తిన అలాగే ఉంచి, మిగిలిన ముక్కను అందుకుంటున్నాడు. ఒక కుటుంబంలో ప్రేమ ఎంతుందో తేల్చాలంటే ముద్దుమురిపాలు చూసి లాభం లేదు. ఎవరి సంగతి ఎవరి తలలో తిరుగుతోందో చూడాలి.

ఆలిసన్ డామింగర్ అనే సామాజిక శాస్త్రవేత్త 35 జంటలతో మాట్లాడి 2019లో ప్రచురించిన పరిశోధనలో ఈ తలలోని పనిని నాలుగుగా విడదీశారు. రాబోయే అవసరాన్ని పసిగట్టడం, దానికున్న దారులు వెతకడం, ఒకటి తేల్చుకోవడం, అది సవ్యంగా జరుగుతోందో లేదో కనిపెట్టుకుని ఉండటం. మొత్తమ్మీద ఇది ఎక్కువగా ఆడవాళ్లే మోస్తున్నారు. మొదటిదీ చివరిదీ అయితే మరీను. తేల్చుకునే దగ్గర మాత్రం ఇద్దరూ ఇంచుమించు సమానం. ఎందుకు కారు? పెత్తనం ఉన్నది అక్కడే కదా! పసిగట్టేవాళ్లకూ కనిపెట్టుకునేవాళ్లకూ పేరు రాదు. తప్పిపోయిన రోజున నింద మాత్రం వస్తుంది.

మంచం పట్టిన మనిషి ఉన్న ఇంట్లో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. కదల్లేని మనిషిని మామూలుగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలంటారు. ఈడ్చకూడదు, ఎత్తి జరపాలి. ఈడిస్తే పైకి ఏమీ కనపడకుండానే చర్మం లోపలి పొరలు ఒరిపిడికి నలిగిపోతాయి. పూర్తిగా పక్కకు ఒత్తిగిలిస్తే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. అందుకని వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీల వాలుగా ఉంచాలి. పిక్కల కింద మరో దిండు పెట్టాలి, మడమలు పరుపుకు ఆనకుండా. తిప్పినప్పుడల్లా నడుం కింది ఎముక, తుంటి, మడమలు చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎరుపెక్కిందా, అక్కడ ఇంకా రక్తం ఆడుతోందన్నమాట. నొక్కినా తెల్లబడలేదంటే పుండుకు పునాది పడినట్టే. ఒళ్లు నల్లగా ఉన్నవాళ్లలో ఎరుపు సరిగా కనపడకపోవచ్చు. చుట్టుపక్కల కంటే వేడిగానో గట్టిగానో ఉందేమో తడిమి చూసుకోవాలి. ‘వంతులు వేసుకున్నాం’ అని చెప్పుకునే ఇళ్లలో తిప్పడానికి అందరూ వస్తారు. తడిమి చూసేది ఒక్కరే. ఆ ఒక్కరు నాలుగు రోజులు ఊరెళితే, వంతులు తు.చ. తప్పకుండా నడిచిన ఇంట్లోనే పుండు పడుతుంది.

మందుల సంగతీ అంతే. ‘మాత్ర వేసుకున్నారా?’ అని ఫోన్లో అడగటానికి పది సెకన్లు చాలు. డాక్టర్ మోతాదు మార్చిన రోజే పాత స్ట్రిప్ డబ్బాలోంచి తీసేయడం, ఇంకో వారానికి సరిపడా ఉండగానే కొత్తవి తెప్పించడం, బీపీ చూసేముందు అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండు అంకెలూ రాసిపెట్టడం... ఫోన్ చేసేవాళ్లకు ఇవి ఉన్నాయనే తెలియదు.

ఇంటి పని మాటెత్తితే, ‘చెబితే చేసేవాణ్ణి’ తర్వాత వినిపించే రెండో రకం సమాధానం ‘నేను సంపాదిస్తున్నది ఎవరికోసం?’ అనేది. హ్యారీ హార్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1958లోనే కోతిపిల్లలతో దీని సంగతి తేల్చారు. ఒక తల్లిబొమ్మ ఇనుప తీగెది, మరొకటి మెత్తటి గుడ్డ చుట్టింది. పాలు తీగెబొమ్మ దగ్గరే ఉన్నా, పిల్లలు తాగి వచ్చి గుడ్డబొమ్మనే కరుచుకుని ఉన్నాయి. కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. తర్వాతిది ఇంకా ముఖ్యం. గుడ్డబొమ్మతో పెరిగినవి కూడా పెద్దయ్యాక తోటి కోతులతో మసలుకోలేకపోయాయి. పాలిచ్చే తీగె చాలలేదు, మెత్తదనమూ చాలలేదు. పిల్ల ఏడిస్తే తిరిగి చూసే తల బొమ్మకు లేదు.

ఇలా లెక్కలు తీస్తే ప్రేమ కాస్తా గుమాస్తా చిట్టా అవుతుందని కొందరి బాధ. అర్థం చేసుకోదగ్గదే. కానీ చిట్టా ఇప్పటికే ఉంది, ప్రతి తలలోనూ, అదీ తప్పుడు చిట్టా. భార్యాభర్తలను విడివిడిగా ఇంటి పనుల్లో ‘మీ వాటా ఎంత’ అని రాస్, సికోలీ అనే మనస్తత్వ పరిశోధకులు అడిగి, వచ్చిన జవాబులను 1979లో ప్రచురించారు. చాలా జంటల్లో ఇద్దరి వాటాలూ కూడితే నూటికి మించిపోయాయి. తమాషా ఏమిటంటే, గొడవ మొదలెట్టడం వంటి చెడ్డపనుల్లోనూ ఎవరి వాటా వాళ్లే ఎక్కువ వేసుకున్నారు. అంటే ఇది గొప్పలు పోవడమొక్కటే కాదు, ఎవరు చేసింది వాళ్లకే ఎక్కువ గుర్తుంటుంది. తలలో తప్పుగా ఉన్న చిట్టా కంటే కాగితం మీద ఉన్నది నయం.

కాగితం మీద పెట్టాక ఒక పనిని అప్పగిస్తే నాలుగు ముక్కలూ కలిపి అప్పగించాలి. మందులు ఒకరివైతే, అయిపోతున్నాయని చూసుకోవడం నుంచి డాక్టర్ తేదీ దాకా వాళ్లవే. ఎంత బాగా చేస్తే ‘అయినట్టు’ అన్నది ముందే మాట్లాడుకోవాలి. సాధారణంగా బెడిసికొట్టేది రెండోవారంలో. తీసుకున్నవాళ్లు ఒకసారి మరిచిపోతారు, ఇచ్చినవాళ్లు ‘నీ వల్ల కాదులే’ అని లాగేసుకుంటారు. దాంతో కథ మొదటికొస్తుంది. అందుకే ప్రాణం మీదికి రాని పనితో మొదలెట్టాలి, ఒకటి రెండుసార్లు చెడనివ్వాలి.

అయితే ఇంట్లో ఎంత పంచుకున్నా, పంచుకోవడానికి గంటలుండాలి. ప్రేమ మీద ఉపన్యాసాలిచ్చేవాళ్లు జారుకునేది ఇక్కడే. 64 దేశాల్లో జీతం లేకుండా సాగే ఇంటిచాకిరీ, సంరక్షణ కలిపి రోజుకు 1,640 కోట్ల గంటలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో లెక్కగట్టింది. 200 కోట్ల మంది రోజుకు 8 గంటలు ఊరికే పనిచేసినంత. అందులో 76.2 శాతం ఆడవాళ్లది. జాతీయాదాయ లెక్కలకు ఆద్యుడైన సైమన్ కుజ్నెట్స్ 1934లో గృహిణుల పనిని పక్కన పెట్టారు, పెడుతున్నామని చెప్పి మరీ పెట్టారు. తొంభై ఏళ్లయినా అది పక్కనే ఉంది. 1975 అక్టోబరు 24న ఐస్‌లాండ్‌లో దాదాపు 90 శాతం ఆడవాళ్లు ఆఫీసు పనీ, ఇంటి పనీ రెండూ ఆపేస్తే, తండ్రులు పిల్లల్ని వెంటేసుకుని ఆఫీసులకు వెళ్లారు. మరుసటి ఏడాదే అక్కడ సమానత్వ చట్టం వచ్చింది. ఏ కవిత్వం వల్లా రాలేదు.

జబ్బుపడిన భర్తనో భార్యనో చూసుకుంటూ నలిగిపోతున్న వృద్ధులు, ఆ బాధ్యత లేని వాళ్లతో పోలిస్తే నాలుగేళ్లలో చనిపోయే ముప్పు 63 శాతం ఎక్కువని షుల్జ్, బీచ్ అనే పరిశోధకులు 1999లో చూపించారు. ఆ పని ఉద్యోగం చేసుకునే కొడుకు మీదో కోడలి మీదో పడినా రాత్రి మారదు. రెండు గంటలకోసారి తిప్పాలంటే పదింటి నుంచి ఆరింటి లోపు మూడుసార్లు లేవాలి. ఆ మనిషి తొమ్మిదింటికల్లా డ్యూటీలో ఉండాలి. పది నిమిషాలు ఆలస్యమైతే రిజిస్టర్‌లో కారణం రాయమంటారు. ‘ట్రాఫిక్’ అని రాసి లోపలికి వెళుతున్నారు.